పన్నెండు నుంచి నాలుగున్నర ఓజోన్ కాలం

తమిళనాట ఉన్న మా రాజపాళయంలో ఓజోన్ మొదటినుంచీ ఉండేదా, లేక బాలగోపాల బావ పింఛను పుచ్చుకుని వస్తూ పెట్టెలో వేసుకుని తెచ్చాడా? ఎనిమిదేళ్లుగా ఆలోచిస్తున్నాను. జవాబు దొరకలేదు. ఆయన రాకముందు మా ఊళ్లో దుమ్ముండేది, మిల్లుల దూదిపొట్టు ఉండేది, పడమటి కొండల మీదనుంచి దిగే గాలి ఉండేది. ఓజోన్ మాత్రం లేదు. ఉన్నట్టు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

బావకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎక్కడికి వెళ్లినా జేబులోంచి ఒక తెల్ల కాగితం ముక్క తీసి, తడిపి, నీడపట్టున దారంతో వేలాడగట్టాలి. తర్వాత దాని పక్కనే కూర్చోవాలి. ఎంతసేపు? ఎనిమిది గంటలు. అప్పుడు దాన్ని మళ్లీ తడిపితే గాలిలో ఉన్న ఓజోన్‌ను బట్టి ఊదారంగు తేలుతుంది. పాలతెలుపు సున్నా, నిగనిగలాడే వంకాయ రంగు పది. మధ్యలో తొమ్మిది రంగులు పూసిన అట్టముక్క ఒకటి ఆయన చొక్కా జేబులో ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి కాఫీకని వచ్చిన మనిషి సాయంత్రం నాలుగింటికి లేచి, "నాలుగో నంబరు" అని నిట్టూర్చి వెళ్తాడు. మధ్యలో భోజనం, రెండో కాఫీ మనవి. ఒక పెళ్లిలో పందిరి గుంజకు కాగితం కట్టి కూర్చున్నాడు. ఆ ఆల్బంలో పెళ్లికొడుకు కన్నా బావ ఫొటోలే ఎక్కువ.

ఆ కాగితాలు అంగట్లో దొరకవు. నాచ్చియార్ వదిన వంటింట్లో తయారవుతాయి. ఆమె బావకు స్వయానా అక్క. పెళ్లి లేని తమ్ముడికి అన్నం పెట్టే భారం ఆమెదే. బావ మొక్కజొన్న పిండితో గంజి కాచి, ఏదో అయోడైడ్ ఉప్పు కలిపి, అందులో వడపోత కాగితాన్ని ముంచి చీకట్లో ఆరబెట్టేవాడు. ఆ ఇంట్లో అంత చీకటి దొరికేది వదిన బట్టల బీరువాలోనే. ఆమె ముదురెరుపు అరక్కు రంగు పట్టుచీర అంచు మీద ఇప్పటికీ ఆరో నంబరు ఒకటి ఉంది.

"నా పులుసు గిన్నెలో ఏమి కాస్తుండావురా?"

"ఓజోన్‌ని పట్టేదానికి గంజి, అక్కా."

"తినేదా?"

"కాదు. గాలిలో ఉండేది."

"గాలిలో ఉండేదానికి నా గిన్నె ఏమిటికిరా?"

తన ఉద్యోగకాలంలో ఏ పెద్ద సభలోనూ ఇంత గట్టి ప్రశ్న ఎదురవలేదని బావ ఒప్పుకున్నాడు. మర్నాడే వేరే గిన్నె కొన్నాడు.

ఆయన ఉద్యోగం ఉత్తరదేశంలో, ఒక వాతావరణ పరిశోధనశాలలో. బెలూన్‌కు చిన్న పనిముట్టు కట్టి పాతిక కిలోమీటర్ల ఎత్తుకు పంపించి, అక్కడ ఓజోన్ ఎంతుందో లెక్కపెట్టడం. ముప్పైనాలుగేళ్లు అదే పని. "పైదాన్ని అంతకాలం కాచినాను వెంకటరామా. కింద ఉండేదాన్ని ఎవరు చూసుకుంటారు?" అనేవాడు నాతో, ఇంట్లో ఆడపిల్లను ఒంటరిగా వదిలి వచ్చినంత దిగులుగా.

ఈ పైదీ కిందదీ అర్థంకాక సెలూన్ ముత్తురాజ్ ఒకరోజు అడిగేశాడు. బావ మొహం నిండా సబ్బు నురగ. అద్దానికి కాగితం.

"అణ్ణాచ్చి, ఓజోన్ మంచిదే కదా? పైన ఓట్ట పడి చిల్లయిపోయిందని టీవీలో అంత ఏడ్చినారే! ఇప్పుడు మా సెలూన్ కడలోనే ఉండాదంటే సంతోషం కదా?"

"ముత్తురాజ్, మీ ఇంట్లో కుక్క ఉండాదా?"

"లేకుండానా? అసలు రాజపాళయం కుక్క. పాల మాదిరి తెల్లగా ఉంటాది."

"అది వాకిట్లో ఉంటే?"

"కావలి."

"వంటింట్లోకి వచ్చినాదంటే?"

"తంతాను."

"అంతే. పైన ఉన్న ఓజోన్ ఎండలోని చెరుపుని మనదాకా రానీదు. అదే నేలమీద ఉంటే మన నెంజు కరుస్తాది" అని బావ ఛాతీ తట్టి చూపించాడు.

ముత్తురాజ్ కత్తి గాల్లోనే ఆపి ఆలోచించాడు. "అట్లయితే దీన్ని పైకి తరిమేస్తే ఓట్ట మూసుకుపోతాది కదా?"

"పోదు. ఇది పైనుంచి దిగింది కాదయ్యా, దిగేది కొంచెమే. ఇది ఇక్కడే పుట్టింది. బండ్ల పొగ తల్లి, పైన కాసే వెయిలు తండ్రి."

"అట్లా చెప్పండి. వీధి కుక్క."

బావ నురగతోనే లేచి నోటుబుక్కులో ఆ మాట రాసుకున్నాడు.

అసలు గొడవ మా చుట్టం రఘురామ మామిడితోపులో జరిగింది. బావ ఒకేరోజు బస్టాండులో ఒక కాగితం, ఊరికి దూరంగా కొండవార ఉన్న ఆ తోపులో ఒక కాగితం కట్టాడు. బస్టాండుది రెండో నంబరు దగ్గర ఆగిపోయింది. తోపుది వంకాయ.

"మా తోపు గాలికన్నా బస్టాండు గాలి మంచిదంటావా?" అన్నాడు రఘురామ. ఆ తోపు గాలికి మదురై నుంచి కూడా చుట్టాలు వస్తారు.

"ఓజోన్ మట్టుకే. బస్టాండులో అప్పుడే వచ్చిన పొగ ఓజోన్‌ని తినేస్తాది. ఆ పొగే గాలిలో తేలి, వెయిలు తగిలి, మీ తోపు చేరేటప్పటికి ఓజోన్ అవుతాది."

"అట్లయితే మా తోపులో రెండు బస్సులు నిలపమంటావా?"

"వద్దు. మధ్యాహ్నం పూట తోపులో గట్టిగా ఊపిరి తీసుకోకుండా ఉంటే చాలు."

ఊపిరి కోసమే తోపు కొన్న మనిషితో అనవలసిన మాట కాదు అది. రఘురామ ఆ ఏడు బావకు పళ్లు పంపలేదు.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఆయన బొమ్మ పూర్తికాదు. బావకు రాహుకాలమంటే పగ. రాజపాళయంలో ఎవరింటి గోడమీదైనా రోజుకొక కాగితం చింపే కేలండర్ ఉంటుంది. అందులో రాహుకాలం, యమగండం చూడకుండా మావాళ్లు టూత్‌బ్రష్ కూడా మార్చరు. బావ పట్టుబట్టి అన్నీ రాహుకాలంలోనే చేశాడు. ఉద్యోగంలో చేరింది, రాజీనామా చేయబోయి మానుకున్నది, ఊరికి తిరిగివచ్చి ఇంట్లో కాలుపెట్టింది, అన్నీ. పెళ్లికూడా రాహుకాలంలోనే చేసుకుంటానన్నాడు. పిల్లనిచ్చేవాళ్లు దొరకలేదు.

ఇక చిత్ర సంగతి.

మా వీధి చివర ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం ఒక చదువుగది ఉంది. దాన్ని చూసుకునేది నేను. దాని వెనక కిటికీ తెరిస్తే మైదానం. చిత్ర పక్క ఊరు సేత్తూరు అమ్మాయి, జక్కమ్మ అనే ఆమె కూతురు. మిల్లులో పొద్దున ఆరు నుంచి రెండు దాకా షిఫ్టు. అది ముగించుకుని వచ్చి, మూడింటికి మైదానంలో పరుగెత్తి, తర్వాత నా దగ్గర కూర్చుని చదువుకునేది. పోలీసు కావాలని ఆమె కోరిక. రాతపరీక్షకు భయం లేదు. నాలుగొందల మీటర్లు, మైదానం చుట్టూ ఒక చుట్టు, గడువులోపల పరుగెత్తడమే కష్టమైంది. ఫిబ్రవరి నడుమ మొదలయ్యే మాసి నెల ఎండలు ముదిరేసరికి మూడొందల మీటర్ల దగ్గరే ఛాతీ పట్టేసేది. దగ్గుతూ వచ్చి బెంచీమీద వాలిపోయేది. మా చిన్నప్పుడు ఏప్రిల్ నడుమ పుట్టే చిత్తిరై నెలలో కాసిన ఎండ ఇప్పుడు మాసిలోనే కాస్తున్నది మరి.

జక్కమ్మ భయం వేరు. ఆమె మొగుడు ఊపిరాడకనే పోయాడు. ఒకనాడు కూతురి దగ్గు చూసి అక్కడే తేల్చేసింది.

"నీ నెంజు మీ అప్పన్ నెంజే. నీకు పోలీసు పని వద్దు. చిత్తిరై పుట్టేదాకా చూస్తాను. ఆలోపల దగ్గకుండా ఒక్క సుట్టు సుట్టి చూపించు. లేదంటే ఈ బూట్లు ఎత్తుకుపోయి ఆ పాడుబావి కిణత్తులో పారేస్తాను."

"బూట్లు నావి కాదమ్మా, ఫ్రెండువి."

"అట్లయితే ఆ పిల్లకి ఇచ్చేసి, నీ పేరు కిణత్తులో పారేస్తాను. పో."

ఆ మర్నాడు కిటికీ తెరిచేసరికి మైదానం కంచె పొడవునా తెల్ల కాగితాలు. వాటికింద గొడుగు వేసుకుని బావ. పరుగెత్తే పిల్లలంతా నవ్వారు. "సార్, ఉతికినవా, ఉతకాల్సినవా?" అని ఒకడు. చిత్రకు సిగ్గుతో ప్రాణం పోయింది. ఆమె పరుగెత్తే వైపే ఆయన గొడుగు జరుగుతుంది.

"సార్, నేను పరుగెత్తేటప్పుడు మీరు చూస్తే నాకు కాలు రాదు."

"నిన్నెవరమ్మా చూస్తుండారు? నేను కాగితాన్ని చూస్తుండాను."

"కాగితం అక్కడ ఉండాది. మీరు ఇక్కడ చూస్తుండారు."

"నాకు కొంచెం మెల్లకన్ను" అన్నాడు బావ. లేదు. నాకు తెలుసు.

మూడు వారాలు ఇదే వరస. మిల్లుకు మూడు షిఫ్టులుంటే తన కాగితాలకూ మూడు షిఫ్టులు పెట్టాడు. పొద్దున పదినుంచి సాయంత్రం ఆరుదాకా కట్టింది తొమ్మిదో నంబరు. తెల్లవారుజామునుంచి పదిదాకా కట్టింది పాలతెలుపుకు కొంచెం ఇటు. "చూసినావా వెంకటరామా! వెయిలు ఎక్కిన కొద్దీ ఇది ఎక్కుతాది. మధ్యాహ్నం పన్నెండు మొదలు నాలుగున్నర దాకా పరుగెత్తేవాళ్లకు పగ. అయిదింటికి పొద్దున పరుగెత్తితే ఆ పిల్లకు ఏమీ కాదు."

"పొద్దున ఆరింటికి ఆమెకు షిఫ్టు కదా బావా?"

"షిఫ్టు మార్చమని అడుగుదాం. నంబర్లు ఉండాయి కదా మన దగ్గర!"

ఒక శుక్రవారం పొద్దున నన్నూ లాక్కుని మిల్లుకు వెళ్లాడు. షిఫ్టులు వేసే సూపర్‌వైజర్ నంబర్లన్నీ మర్యాదగా విన్నాడు.

"మీరు డాక్టరా సార్?"

"అవును."

"నెంజు డాక్టరా?"

"కాదు."

"ఆడవాళ్ల డాక్టరా?"

"కాదు."

"మరి ఎవరికి?"

"గాలికి."

సూపర్‌వైజర్ నోటుబుక్కు మూసి బావ చేతిలో పెట్టాడు. "అయితే గాలికి చూడండి సార్. షిఫ్టు నేను చూసుకుంటాను." అంతలో గేటు దగ్గరనుంచి ఎవడో పరుగెత్తుకుంటూ వచ్చి కొత్త మిషను దింపే లారీ వచ్చిందన్నాడు. సూపర్‌వైజర్ గోడమీది కేలండర్ కేసి చూశాడు. "ఇంకా రాహుకాలం. పన్నెండుదాకా లారీని బయటే నిలపండి."

బావ కేలండర్ వైపు చూశాడు. లారీ వైపు చూశాడు. చేతిలోని నోటుబుక్కు వైపు చూశాడు. తిరిగివచ్చే దారిలో ఒక్క కాగితమైనా కట్టలేదు. ఆయనకు జ్వరమేమో అని నాకు భయమేసింది.

చిత్తిరైకి ముందువచ్చే పంగుని నెల చివర్లో జక్కమ్మ చదువుగదికి వచ్చింది. గడువు ఇంకా పది రోజులుంది. కానీ ముందురోజు మైదానంలో కూతురు దగ్గిన దగ్గు ఎవరో ఆమె చెవిన వేశారు. చిత్ర చదువుతున్న బల్లకింద నుంచి బూట్లు తీసి సంకన పెట్టుకుంది.

"అమ్మా, ఇంకా పది రోజులు ఉండాయి!"

"పది రోజుల్లో కొత్త నెంజు మొలుస్తాదా?"

బావ అడ్డం వెళ్లాడు. బండ్ల పొగ, నత్రజని, సూర్యకిరణం అంటూ మొదలుపెట్టాడు. జక్కమ్మ బూట్లు మరోసంకకు మార్చుకుంది. "సామీ, మీరు పెద్దచదువు చదివినారు. నేను దీని అప్పన్‌ని ఎత్తుకుని ఆసుపత్రి మెట్లు ఎక్కినాను. మీకు తెలిసేది వేరే, నాకు తెలిసేది వేరే."

చిత్ర పుస్తకంలో మొహం దాచుకుంది. బావ గుటక మింగాడు. ఆ గుటకతోపాటు ఆయన ఏమి మింగాడో నాకొక్కడికే తెలుసు.

"జక్కమ్మా, పిల్లలో దోషం లేదు. వేళలో ఉండాది."

జక్కమ్మ ఆగింది. "ఏ వేళలో?"

"పన్నెండు నుంచి నాలుగున్నర."

"దినమూనా?"

"దినమూ. మాసి మొదలు చిత్తిరై దాటి వైకాసి దాకా మరీ చెడ్డది."

"రాహుకాలం మాదిరా?"

బావ కళ్లు మూసుకున్నాడు. "దాని మాదిరే."

"దాని పేరు?"

"ఓజోన్ కాలం."

బూట్లు సంకలోంచి జారి కిందపడ్డాయి. "అయ్యో సామీ! ఇది మొదటే చెప్పకూడదా? వేళగాని వేళలో బిడ్డని పరుగెత్తనిచ్చి, దాని నెంజుని తిడుతుండాను కదా! ఏమే, నీకైనా తెలీదా? మూడింటికి ఎవరైనా పరుగెత్తుతారా?"

ఆమె మర్నాడే మిల్లుకు వెళ్లింది. నంబర్లు లేవు, నోటుబుక్కు లేదు. "పిల్లకు ఈ షిఫ్టులో వేళ సరిపడలేదయ్యా" అన్నదట. "అట్లయితే ఏమి చెయ్యగలము అమ్మా" అని సూపర్‌వైజర్ అక్కడికక్కడే పొద్దున ఎనిమిదిన్నర జనరల్ షిఫ్టుకు రాసేశాడట. తల్లీకూతుళ్లు సేత్తూరు నుంచి తొలిబస్సుకు రావడం మొదలుపెట్టారు.

బావ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "వెంకటరామా, నేను అబద్ధం చెప్పినానా?"

"ఒక్క మాటా లేదు బావా."

"మరి ఏమిటికి ఒంటిమీద చీమలు పాకినట్టు ఉండాది?"

"రాహుకాలం తగిలినట్టుంది" అన్నాను. నావైపు చూసిన చూపు పదో నంబరు.

జక్కమ్మ అంతటితో వదల్లేదు. "కేలండర్‌లో లేనిది జనానికి ఎట్లా తెలుస్తాది?" అని తన కేలండర్ తెచ్చి ముందు పెట్టింది. బావ ఒక్కొక్క తేదీ కిందా "ఓ.కా. 12 – 4.30" అని రాసిచ్చాడు. దాన్ని చూసి ముత్తురాజ్ తన కేలండర్ తెచ్చాడు. తర్వాత వీధంతా తెచ్చింది. రెండు రీఫిళ్లు అయిపోయాయి. ఇప్పుడు మా వీధిలో ఎవరూ మిట్టమధ్యాహ్నం పిల్లల్ని పరుగుపందాలకు పంపరు. కానీ ముత్తురాజ్ ఆ వేళలో గడ్డం గీయనంటాడు. ఒకాయన నిశ్చితార్థం వేళ మార్చుకున్నాడు. రఘురామ తోపు గేటుకు నిమ్మకాయలు కట్టించి, ఓజోన్ శాంతించిందా అని కబురు పంపాడు. బావ తల కొట్టుకున్నాడు.

"ఓజోన్ కాలంలో వడియాలు పెట్టుకోవచ్చారా?" అంది నాచ్చియార్ వదిన.

"పెట్టుకో అక్కా. పరుగెత్తకు, అంతే."

"డెబ్బైతొమ్మిదేళ్లకు నేనెక్కడికిరా పరుగెత్తేది!"

ఆ హడావుడిలో ఒకరోజు బావ నోటుబుక్కును నా బల్లమీద మరిచిపోయాడు. అక్షరం కనపడితే చదవకుండా ఉండలేని బుద్ధి నాది. పొట్లం కట్టిన కాగితమైనా సరే. తెరిచాను. తేదీ, చోటు, రంగు నంబరు, గాలిలో తేమ. ఇవన్నీ నేననుకున్నవే. చివరగా ఇంకొక వరస ఉంది. దాని తలమీద "దగ్గు" అని రాసి ఉంది.

పెళ్లిపందిరి, రంగు 4. పక్కన: "పెళ్లికొడుకు మేనత్త. ఊపిరిలో ఈల. మందు తెచ్చుకోలేదు. తెప్పించినాను." ఒక ఇల్లు, రంగు 3: "అఖిలాండం. మెట్లెక్కితే ఆయాసం. కింది గదికి మారమని కొడుకుతో చెప్పల్ల. చెప్పినాను. మార్చినారు." సెలూన్: "ముత్తురాజ్, పౌడరు. రెండు." సొంత ఇల్లు: "అక్క, దినానికి పది. తాళింపు పొగ. వంటింటికి పొగ లాగే ఫ్యాను పెట్టించినాను. ఓజోన్ చూసేదానికని చెప్పినాను." మైదానం పేజీలు పదిహేడు. ఒక్కొక్క రోజూ చిత్ర దగ్గు ఎన్నిసార్లో, ఎన్నో మీటరు దగ్గర మొదలైందో. నా చదువుగది కూడా ఉంది: "వెంకటరామ. పుస్తకాల దుమ్ము. అయిదు. అడిగితే లేదంటాడు."

కాగితానికి ఎవరూ కాపలా కూర్చోనక్కర్లేదు. కట్టేసి పోతే దానంతట అదే రంగు తేలుతుంది. ఎనిమిదేళ్లు ఆయనకు పెట్టిన భోజనాలు లెక్క చూసుకుంటూ విసుక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. నోటుబుక్కును ఎప్పటిలాగే మూసి పెట్టాను. ఆయన వచ్చి తీసుకెళ్లాడు. ఆనాటినుంచి నేను ఆయన ముందు దగ్గు ఆపుకోవడం మానేశాను.

చిత్తిరై పుట్టడానికి ముందురోజు, పొద్దున అయిదున్నర. కొండల మీద ఇంకా మబ్బు. ముత్తురాజ్ ఫోనులో సమయం చూస్తానని వచ్చాడు. వదిన కాఫీ ఫ్లాస్కు తెచ్చింది. బావ కంచె దగ్గర ఎప్పటిలాగే నిలబడ్డాడు. జక్కమ్మ గీత దగ్గర చేతులు కట్టుకుని నిలుచుంది.

చిత్ర కదిలింది. వంద మీటర్లు. రెండొందలు. మూడొందల దగ్గర జక్కమ్మ పెదవులు బిగపట్టింది. అందరం చెవులు రిక్కించాం. అప్పుడు వినిపించింది దగ్గు.

"ఎవరది?" అని జక్కమ్మ అరిచింది.

"నేను అక్కా, నేను!" అన్నాడు ముత్తురాజ్ నోరు మూసుకుంటూ. "పొద్దున చన్నీళ్లు పోసుకున్నాను."

"మగవాడివి కాబట్టి వదిలినాను."

చిత్ర గీత దాటింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పింది. జక్కమ్మ దగ్గరికి వెళ్లి కూతురి వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. మేమంతా ఆమె మొహమే చూస్తున్నాం.

"ఏమీ లేదు. రొప్పే మూచ్చు ఒక్కటే ఉండాది" అంది చివరికి. అని కొంగుతో కూతురి మొహం గట్టిగా, తుడిచినట్టు కాక కొట్టినట్టు తుడిచింది. "పోలీసువైపోయినాక నన్నే లాఠీతో కొడితే చూడు!"

"పోలీసు పరీక్ష గడువుకన్నా పద్నాలుగు సెకన్లు తక్కువ!" ముత్తురాజ్ ఫోను ఎత్తి గంతులేశాడు. అతను చెప్పింది నమ్మొచ్చా అని వదిన ఫోను లాక్కుంది.

జక్కమ్మ చేతులు జోడించి కంచెవైపు తిరిగింది. "సామీ..."

కంచె దగ్గర ఎవరూ లేరు.

రోడ్డుమీద సత్రపట్టి ఊరికి పోయే బస్సు అప్పుడే కదులుతున్నది. పొద్దున షిఫ్టుకు అక్కడ బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల మీదికి వెళ్లే జనంతో నిండి ఉంది. కిటికీ పక్క బావ తెల్లతల. ముత్తురాజ్ ఈల వేశాడు. చిత్ర "సార్! సార్!" అని పరుగెత్తబోయింది. ఆయన మావైపు తిరగనే లేదు. ముందుసీట్లో ఎవరో ముసలాయన ఆగకుండా దగ్గుతున్నాడు. బావ ముందుకు వంగి, చెవి ఒగ్గి, వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకుంటున్నాడు.